మా వాగే మా మందుల దుకాణం

మీ ఊళ్లో బోరు కొడితే నీళ్లు వస్తాయి. నీళ్లొక్కటేనా? పాపం! మా ఇప్పలగూడలో నీళ్లతో పాటు మందులు కూడా వస్తాయి. డాక్టరు చీటీ అక్కర్లేదు, ఆసుపత్రిలో లైను కట్టనక్కర్లేదు, గోలీ గొంతుకు అడ్డం పడే బాధ అసలే లేదు. చెంబు ముంచడం, తాగడం!

ఈ వైభోగం మాకు ఊరికే రాలేదు. ఊరికి కాస్త ఎగువన, వాగు గట్టున, యాంటీబయాటిక్ గోలీలు చేసే ఫ్యాక్టరీలు నాలుగున్నాయి. వాన పడడమే ఆలస్యం, వాళ్ల మురికినీళ్ల మోరీ తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి. కుడిచేత్తో చేసిన దానం ఎడమచేతికి తెలియకూడదంటారు పెద్దలు. వీళ్లు చేసే దానం కాలుష్యం ఆఫీసుకు కూడా తెలియదు. ఇంతటి దాతలు మీ జిల్లాలో ఉన్నారా?

వాగులో పోసింది వాగులోనే ఉంటుందా? భూమిలోకి ఇంకి బోర్లలోకి చేరింది. మా బర్లు ఆ నీళ్లు తాగుతాయి, మేం వాటి పాలతో చాయ్ తాగుతాం. చాయ్‌లో కూడా మందే! మా ఆరెంపీ డాక్టరు యాదగిరి మొదట్లో జ్వరం వచ్చిన వాళ్లకు గోలీలు రాసేవాడు. ఇప్పుడు పెన్ను మూసి, "ఏం రాయాలె? మీరు తాగనిది నా పెట్టెల ఏమున్నది?" అంటున్నాడు. పక్కనే ప్లాట్లు అమ్మే వెంచర్ వాళ్లు బోర్డు మీద "గుడి దగ్గర, బడి దగ్గర" అని రాశారు. "ఇరవై నాలుగు గంటల మందుల సరఫరా" అని రాయకపోవడం వాళ్ల తెలివితక్కువతనం.

ఇక మా వాగులోని క్రిముల సంగతి! మీ ఊరి క్రిములు గోలీని చూడగానే చస్తాయి. నాజూకువి. మావి పుట్టగానే మందులోనే స్నానం చేస్తాయి, మందులోనే ఈత నేర్చుకుంటాయి. ఇప్పుడు గోలీని నంజుకుని కల్లు తాగే స్థాయికి ఎదిగాయి. ఊరి పిల్లలు కబడ్డీలో జిల్లా దాటలేదు గానీ, క్రిములు మాత్రం దేశాన్ని దాటిపోగలవని పేపర్లో చదివాను. నాకు గర్వంగా ఉండదా?

ఇంత చెప్పాక, "మరి ఆ నీళ్లను ఎవరూ పరీక్ష చేయరా?" అని మీరు అడుగుతారు. చేయకేం! మూడు నెలలకోసారి చేస్తారు. ఆ పరీక్షకు ఊరి తరఫున పంచనామా సాక్షిని నేనే. గ్రామ సేవకుడిగా రిటైరైన బక్కయ్యను. పదకొండేళ్లుగా ఒక్కసారి కూడా సంతకం తప్పలేదు.

పద్ధతి ఎంత మర్యాదగా ఉంటుందో వినండి. ఫలానా మంగళవారం వస్తున్నామని వారం ముందే ఫ్యాక్టరీలకు కాగితం వెళుతుంది. పెళ్లికైనా పిలవకుండా పోతామా? ఆ వారమంతా మోరీలు నోరు కట్టుకుని ఉంటాయి. మంగళవారం నాడు కాలుష్యం ఆఫీసు సదానందం సారు జీపులో వస్తారు. జీపు రోడ్డు మీది వంతెన దగ్గర ఆగుతుంది. ఫ్యాక్టరీలు అక్కడికి కిలోమీటరు దిగువన ఉన్నాయి, కానీ అక్కడికి జీపు దిగదు. కాబట్టి సారు వంతెన మీది నుంచే తాడుకు డబ్బా కట్టి వదులుతారు. మోరీ కలవకముందే నీళ్లు పట్టి, మోరీ కలిశాక ఎలా ఉన్నాయో తేలుస్తారు. ఇది చేతకావాలంటే ఎంత చదువు కావాలి!

పట్నం నుంచి ఒకసారి కాలేజీలో పాఠాలు చెప్పే మేడం ఒకామె వచ్చి, సారును సూటిగా అడిగింది.

"యాంటీబయాటిక్ ఎంత ఉన్నదో కొలుస్తలేరా సార్?"

సారు ఫారం తిప్పి చూపించారు. "చూడుండ్రి మేడం. రంగుకు గడి ఉన్నది, వాసనకు గడి ఉన్నది, ఉప్పుకు ఉన్నది. మీరు చెప్పేదానికి గడే లేదు. గడి లేనిదాన్ని యాడ రాయాలె?"

నేను పక్కన నిలబడి మురిసిపోయాను. గడి లేకపోతే మందు లేదు, మందు లేకపోతే కాలుష్యం లేదు. ఒక్క గీత గీయకుండా వాగును శుభ్రం చేసేశారు!

ఈ శాస్త్రం అర్థం కాని మనిషి ఊళ్లో ఒక్కతే. మా అక్క అంజవ్వ. రెండు బర్లు, వాగు ఒడ్డున అరెకరం పచ్చగడ్డి, నాకింత వండిపెట్టడం, అదే ఆమె లోకం. జీపు చప్పుడు వినిపిస్తే చాలు, గడ్డిమోపు కింద పడేసి వంతెన దాకా వచ్చేది.

"ఓ సారూ! గీడ పట్టుడు కాదు, మా బర్లు తాగేకాడ పట్టుండ్రి. ఆడ దిగితె నా కాళ్లు మండుతున్నయ్."

"నడిచి రావాలె గదనే అవ్వా, బురద."

"నేను రోజు వస్తలేనా? నాకు లేని బురద నీకే ఉన్నదా?"

సారు నవ్వేవారు. నేను ఇంకా గట్టిగా నవ్వేవాణ్ని. "నీకేం తెల్వదు, పోవే అక్కా, సర్కారు పని జేసుకోనియ్యి" అని సంతకం పెట్టేవాణ్ని.

మొన్న వానాకాలం గడ్డి కోస్తుంటే కొడవలి జారి అక్క పాదం తెగింది. చిన్న గాటు. పసుపు పెట్టి, గుడ్డ చుట్టి, మళ్లీ అదే నీళ్లలో దిగి గడ్డి కోసింది. మన దగ్గర మందుల వాగే ఉండగా భయమేమిటి? వారానికి పాదం వాచింది. యాదగిరి ఈసారి పెట్టె తెరిచి గోలీలు ఇచ్చాడు, తగ్గలేదు. సూది వేశాడు, తగ్గలేదు. సూది మార్చాడు, పాదం నల్లబడింది. పట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోయాను.

అక్కడ గాయంలోంచి చీము తీసి పరీక్షకు పంపారు. మూడో రోజు రిపోర్టు వచ్చింది. చూసి ఆశ్చర్యపోయాను. ఎన్ని గడులు! మా వాగు ఫారంలో లేని మందుల పేర్లన్నీ అందులో వరుసగా ఉన్నాయి. ఒక్కో పేరు ముందు పనిచేయదు, పనిచేయదు, పనిచేయదు.

డాక్టరమ్మ కాగితం చూస్తూ అడిగింది. "అవ్వా, షుగర్ కూడా లేదు నీకు. ఇన్ని మందులు ఎన్నేండ్లు వాడినవ్?"

"నేను ఒక్క గోలి గూడ కొనలే బిడ్డా. ఆసుపత్రి మెట్లెక్కుడే ఇది మొదటిసారి."

డాక్టరమ్మ కాగితం మడిచి నన్ను బయటికి పిలిచింది. కాలు మోకాలి కింద తీసేయాలని, ఆలస్యమైతే మనిషే దక్కదని చెప్పింది.

మధ్యలో మంగళవారం వచ్చింది. ఆపరేషన్ బుధవారం. నేను బస్సెక్కి వంతెన దగ్గరికి పోయాను. రిపోర్టు సదానందం సారు చేతిలో పెట్టాను.

"సారూ, గడులు దొరికినయ్."

సారు అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది మనిషిది గద బక్కయ్యా. మనకు వాగుది కావాలె."

"వాగుదే సారూ. మా అక్క పుండులకెంచి తీసిన్రు."

ఆయన నిజంగానే బాధపడ్డారు, అబద్ధం చెప్పను. కాగితం జాగ్రత్తగా మడిచి తిరిగి ఇచ్చి, పంచనామా నా ముందుకు జరిపారు. నేను పెట్టనన్నాను. మీరేదో తిరుగుబాటు అనుకునేరు! వంతెన పక్కన చాయ్ బండి నడిపే పోశెట్టి చేతులు తుడుచుకుంటూ వచ్చి నా గీత మీద సంతకం పెట్టాడు. నిమిషం కూడా పట్టలేదు. ప్రభుత్వం పని ఒక మనిషి కోసం ఆగుతుందా?

కాబట్టి పాఠకులారా, మా వాగు గొప్పతనం మీద నా మాట ఇప్పటికీ మాటే. జీవితమంతా మా అక్కకు అన్ని మందులూ ఉచితంగా ఇచ్చింది. అవసరమైన రోజుకు ఒక్కటీ మిగల్చలేదు, అంతే తేడా.

ఆపరేషన్ అయ్యాక అంజవ్వ కళ్లు తెరిచి దుప్పటి వైపు చూసింది. ఒక పక్క ఎత్తుగా ఉంది, ఒక పక్క మోకాలి దగ్గరే పడిపోయింది. ఏడుస్తుందనుకుని చేయి పట్టుకున్నాను. నిజానికి ఏడ్చింది నేను.

"తమ్మీ, తీసిన కాలు ఏం జేస్తరట?"

"వాళ్లే ఏమన్న జేస్తరు అక్కా. నువ్ పండుకో."

"ఏమన్న జేయనియ్. వాగుల మాత్రం పడెయ్యనియ్యకురా. అండ్ల బర్లు తాగుతయ్."

పదకొండేళ్లు సాక్షిగా ఉన్నాను. మా వాగులో ఫలానాది వేయొద్దని ఒక మనిషి చెప్పగా వినడం నాకు అదే మొదటిసారి.