మందుల సంచి అపహరణ కేసు

"ఎవరూ కదలొద్దు! ఆంధ్రదేశపు అపరాధ పరిశోధకుల్లో అగ్రగణ్యుడు రంగంలోకి దిగాడు!" అని మురళీకృష్ణ బాబాయి అరుగు మీద నిలబడి ప్రకటించాడు. ఒక చేతిలో భూతద్దం, రెండో చేతిలో సగం తిన్న ఇడ్లీ.

నిన్న సాయంత్రం కారులో పెట్టిన మందుల సంచి పోయింది. అందులో దయామణి తమ్ముడు చంటోడి వాంతుల మందు, గ్రైపు వాటరు, థర్మామీటరు ఉన్నాయి. కారెక్కితే చాలు, చంటోడికి కడుపులో తిప్పుతుంది.

"సంచి దొరక్కపోతే వాణ్ణి కారెక్కించను. దయామణీ, నువ్వు వాడితో ఇంట్లో ఉండిపోవాలి" అని అమ్మ సీతారావమ్మ తేల్చేసింది.

దయామణి గబగబా మంచాల కింద వెతకడం మొదలెట్టింది. ఉంగుటూరులో పెళ్లి సంగతి అలా ఉంచి, పద్నాలుగేళ్ల బతుకులో తను ఎక్కబోయే మొదటి కారు అది. కిటికీ పక్క సీటు కోసం తెల్లారకుండానే జడ వేసుకుని కూర్చుంది.

బాబాయి ముందుగా డ్రైవరు కొండయ్యను పట్టుకున్నాడు.

"నిన్న సాయంత్రం ఐదింటికి ఎక్కడున్నావ్?"

"మీ పక్కనేనండీ. పేకాటలో."

"సాక్షి ఎవరు?"

"మీరేనండీ."

"నమ్మదగిన సాక్షి కాదు!"

ఇంటి చుట్టూ ఉన్న తోటలో కోసిన మామిడికాయలు గంపల్లో సర్దే వెంకాయమ్మ చేతులు దులుపుకుంటూ వచ్చింది. "చిన్నబాబుగారూ, ఆ సంచి..."

"ష్! అడగందే సాక్షులు నోరు విప్పరాదు! దొంగ కారులో ఎలా నక్కాడో ఇప్పుడు చూపిస్తాను."

బాబాయి అంబాసిడర్ వెనకసీట్లో దూరి, తలుపులు బిగించుకుని అటూ ఇటూ పొర్లాడు. ఎండకి కాగిన సీటు, పెట్రోలు వాసన, కడుపులో ఎనిమిది ఇడ్లీలు. కారు కదల్లేదు గానీ బాబాయి మొహం పచ్చికాయ రంగుకి తిరిగింది. నోరు మూసుకుని బయటికి దూకి, పెళ్లివారి కోసం సర్దిన గంప మీదికి వంగాడు.

"కాయల్లో కాదు బాబూ!" అంటూ వెంకాయమ్మ గంప లాగేసింది. గంప బోర్లా పడింది. కాయలు దొర్లాయి, వరిగడ్డి ఎగిరింది. గడ్డిలోంచి మందుల సంచి బయటపడింది. ఒక్క సీసా పగల్లేదు.

"గాజు సీసాలు కదమ్మా! మన రోడ్డు గతుకులకి కాయే నలిగిపోద్ది, సీసా ఆగుద్దా అని కాయల మధ్య గడ్డేసి సర్దా. చెబుదామంటే ఈ బాబు నోరెత్తనిస్తేగా!"

"ఇదంతా... నా పథకమే..." అని గొణిగాడు బాబాయి.

"ముందు నోరు తెరు మురళీ" అంటూ సీతారావమ్మ చంటోడి మందు చెంచాతో మరిదికి పట్టించింది. చంటోడు చప్పట్లు కొట్టాడు.

ఒక కిటికీ పక్కన దయామణి కూర్చుంది. రెండో కిటికీ పక్కన, ఒళ్లో పాత తువ్వాలుతో బాబాయి. కారు కదిలింది.

"ఉంగుటూరు వచ్చిందా?" కళ్లు తెరవకుండానే అడిగాడు బాబాయి.

"లేదు బాబాయ్" అంది దయామణి నవ్వాపుకుంటూ. "ఇంకా మన తోట గేటే దాటలేదు."