ఆఫీసరమ్మ వద్దన్న కేకు

ఆ ఉదయం బేకరీ ఆయన, ఆయన భార్య రెండో పొయ్యి వెలిగించాలనుకున్నారు. ఉన్నదంతా ఊడ్చి కొన్న పొయ్యి అది, వెలగకపోతే ఇల్లు గడవదు. దానికి కావలసిన అనుమతి మునిసిపల్ ఆఫీసులో అడిగిన రోజునే చేతికొచ్చింది. చిక్కంతా అక్కడే వచ్చి పడింది.

"ఆగవే! చెయ్యి తడపకుండా ఇచ్చారంటే ఏదో తిరకాసు ఉంది. రేపొచ్చి దుకాణం మూసేస్తారు" అన్నాడాయన.

"ఆఫీసు మునుపట్లా లేదండీ. ఆ కొత్త ఆఫీసరమ్మ ఎవరి దగ్గరా టీ కూడా తాగదట."

"చాల్లే! నాకు తెలీని ఆఫీసా?"

తన లౌక్యానికి తానే మురిసిపోతూ కేకు చేసి పట్టుకెళ్ళాడు. ఆఫీసరమ్మ తలెత్తకుండానే "తీసుకెళ్ళండి" అంది. చిన్నదని అలిగిందనుకున్నాడు. బయట వరుసలో నిలబడ్డవాళ్ళు "ఆవిడ వద్దన్నారుగా, మాకమ్మండి" అని మెట్ల మీదే ముక్కలు కోయించుకున్నారు.

మర్నాడు రెండంతస్తుల కేకుతో వెళ్ళాడు. ఆవిడ కళ్ళజోడు తీసి, "మళ్ళీ తెచ్చారంటే నేనే మీ దుకాణానికి వస్తాను!" అంది.

ఆయన ఎగురుకుంటూ ఇంటికొచ్చాడు. "చూశావా? స్వయంగా వచ్చి పట్టుకెళ్తుందట!"

"అది బెదిరింపండీ బాబూ!" అని భార్య నెత్తి కొట్టుకుంది.

వింటేగా! ఈసారి మూడంతస్తులు లేపి, పైన క్రీముతో ఆఫీసు ముద్ర కూడా వేసి పంపాడు. కేకు వెనక్కొచ్చింది, దాని వెనకే ఆఫీసరమ్మా వచ్చింది. అప్పటికి ఆ మెట్ల మీది కేకు రుచి ఊరంతా పాకి, దుకాణం ముందు జనం కిటకిటలాడుతున్నారు. పాత పొయ్యి ఒక్కటీ అందుకోలేక పొగలు కక్కుతోంది.

"కొత్తది చల్లగా ఉందేం? అనుమతి ఇచ్చాంగా?"

బేకరీ ఆయన నసిగాడు. "తమరేమీ పుచ్చుకోలేదు కదమ్మా... చెల్లుతుందో లేదోనని..."

"చెల్లడానికి నా సంతకం చాలు. వెలిగించండి!"

భార్య అగ్గిపుల్ల గీసింది. పొయ్యి భగ్గుమంది. జనం చప్పట్లు కొట్టారు. ఆయనకు సిగ్గేసింది, ఆ వెంటే ఛాతీ ఉప్పొంగింది కూడా.

నెల తిరక్కుండా బేకరీలో కొత్తగా ఇద్దరికి పని దొరికింది. ఆఫీసు చుట్టూ ఎవరు తిరుగుతారని ఇన్నాళ్ళూ ఊరుకున్న పక్కింటి దర్జీ కూడా కొట్టు తెరిచాడు. ఇప్పుడు పొరుగూరి పిండి వ్యాపారి వస్తే చాలు, బేకరీ ఆయన మొదలుపెడతాడు: "మా ఆఫీసులో అడిగిన రోజే పనైపోతుంది, తెలుసా! మీ దగ్గర ఉందా అలాంటిది?"

ఒక సాయంత్రం ఆఫీసరమ్మ కూడా వరుసలో నిలబడి, డబ్బిచ్చి, ఒక ముక్క కొనుక్కుని, బిల్లు అడిగింది. ఇంకో ముక్క ఊరికే పెట్టబోయిన ఆయన చేతిని భార్య గట్టిగా పట్టుకుంది.