స్టీరింగులో వణుకు

ఆ రోజు జగ్గారావు పెట్టుకున్న పని చాలా చిన్నది. పొద్దున్నే మల్కాపురంలో వీరన్న షెడ్డు దగ్గర పికప్ ఆపాలి. ముందు చక్రాలకు బ్యాలెన్సింగ్ చేయించుకుని, హార్బరుకు పోయి చేపల పెట్టెలు ఎక్కించుకోవాలి. అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ క్యాంటీన్ దగ్గర వాటిని దించేసి భోజనం వేళకు ఇల్లు చేరాలి. మీసం మొలిచినప్పటినుంచీ స్టీరింగు వెనకే బతికినవాడికి ఇదొక పని కాదు.

"స్టీరింగు ఒణుకుతంది వీరన్నా. కొన్నాళ్ళనుంచి సూత్తన్నాను. సేతులు జివ్వుమంటన్నాయి."

వీరన్న బండెక్కి రిఫైనరీ గోడదాకా వెళ్ళి తిరిగొచ్చాడు. "ఏటీ నేదు బావా. బంగారంలాగుంది బండి."

"నువ్వు మెల్లిగా నడిపినావు."

వీరన్న ఈసారి గట్టిగా తొక్కి, ఓ ఆటోను భయపెట్టి మరీ తిరిగొచ్చాడు. "ఇప్పుడూ ఏటీ నేదు."

"మరీ గట్టిగా నడిపీసినావు. ఆ ఇసురుకి తెలీనేదు."

పాత పరిచయం కదా అని వీరన్న వాదించలేదు. చక్రాలు విప్పి బ్యాలెన్సింగ్ చేశాడు. ముందు టైర్లు వెనక్కీ, వెనక టైర్లు ముందుకీ మార్చాడు. జగ్గారావు వీధి చివరిదాకా నడిపి చూసుకుని, కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇంకా ఉన్నాది," అని అరిచి హార్బరుకు వెళ్ళిపోయాడు.

చేపలు ఎక్కించుకుని గాజువాక దాటేసరికి ఇక తట్టుకోలేకపోయాడు. రోడ్డు పక్కన కనిపించిన నరసింహమూర్తి వర్క్‌షాపులోకి బండి తిప్పేశాడు. నరసింహమూర్తి దగ్గర కంప్యూటర్ ఉంది. తన గడప తొక్కిన ఏ బండికైనా జబ్బు ఉండి తీరుతుందన్న నమ్మకమూ ఉంది. అతను బండి నడిపి చూడలేదు. "ప్రొపెల్లర్ షాఫ్ట్ పోయింది," అన్నాడు, వినగానే. ఇంజను బలాన్ని వెనక చక్రాలకు మోసే ఆ పొడవాటి ఇనుప గొట్టాన్ని విప్పి నేలమీద పెట్టించి, "ఇంతకుముందు ఎవరి చెయ్యి పడిందండీ దీనిమీద?" అని జాలిగా అడిగాడు.

జగ్గారావు వీరన్న పేరు చెప్పాడు. అంతటితో ఆగినా బాగుండేది. "ఆడేమైనా మంచి పార్టు తీసీసినాడేటో," అని కూడా అన్నాడు. అక్కడ టీ తాగుతున్న ఓ మల్కాపురం మనిషి ఆ మాటను వెంటనే ఫోన్‌లో వీరన్నకు చేరవేశాడు.

వీరన్న స్కూటర్ మీద ఊడిపడ్డాడు. "నాను దొంగనా? నా సేతిమీద ఎల్లిన బండిని ఇప్పడానికి నువ్వెవుడివి?" అంటూ షాఫ్ట్‌ను ఓ కొసన పట్టుకున్నాడు. రెండో కొసను నరసింహమూర్తి పట్టుకున్నాడు. ఇద్దరూ దాన్ని అటూ ఇటూ లాగుతుంటే బండిలో ఐసు కరిగి, చేపల నీళ్ళు ధారగా రోడ్డెక్కాయి. ముందు కుక్కలు వచ్చాయి, తర్వాత జనం వచ్చారు. షాఫ్ట్ మళ్ళీ బిగించుకుని జగ్గారావు అచ్యుతాపురం చేరేసరికి క్యాంటీన్‌లో పప్పు వడ్డించేశారు. చేపలు తీసుకోలేదు. రేపటినుంచి వేరే బండి చూసుకుంటామని మేనేజరు మర్యాదగానే చెప్పాడు.

సాయంత్రం ఇంట్లో గౌరీశ్వరి భర్త పక్కన కూర్చుంది. "నానూ ఎక్కుతన్నాను కద మావా ఆ బండి. నాకేటీ తెలీట్నేదు."

"నీకెలా తెలుస్తాది? ఒణికేది స్టీరింగు."

ఆ రాత్రంతా ఆలోచించి జగ్గారావు నేరస్తుణ్ణి పట్టేశాడు. వీరన్నా కాదు, నరసింహమూర్తీ కాదు. బండి అమ్మినవాడు. అంటే గౌరీశ్వరి సొంత అన్న అప్పలసూరి.

"ఏక్సిడెంటు బండికి రంగేసి నాకు అంటగట్టినాడు మీ అన్న."

"మా అన్న అలాటోడు కాడు," అంది గౌరీశ్వరి. అంది గానీ, పని పోయి గోడవైపు తిరిగి పడుకున్న మొగుణ్ణి చూస్తే ఆమెకే అనుమానం వచ్చింది.

ఆదివారం అచ్యుతాపురంలో అప్పలసూరి మనవరాలి బారసాల. ఇల్లంతా చుట్టాలు. అప్పలసూరే ఎదురొచ్చి జగ్గారావు చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టాడు. అంత ఆదరణ జగ్గారావుకు మరీ కంపరం పుట్టించింది.

"అందరూ ఇనండి! సొంత సెల్లెలి మొగుణ్ణని కూడా సూడకుండా ఒణికే బండి అమ్మినాడు నాకు. నా పని పోనాది. నా పరువు పోనాది. ఏటి బావా, అవునా, కాదా?"

పాట పాడుతున్న ఆడవాళ్ళు ఆపేశారు. ఉయ్యాలలో బిడ్డ ఏడుపు లంకించుకుంది. గ్లాసులో మజ్జిగ సగం జగ్గారావు చొక్కామీదే పడింది. కోపానికి వచ్చిన వణుకని అందరూ అనుకున్నారు. అప్పలసూరి మాత్రం ఆ చేతివైపు చాలాసేపు చూశాడు. తర్వాత తలొంచుకున్నాడు.

"అవును బావా. తప్పు నాదే. ఆ బండి ఇక్కడ ఒగ్గేయ్. నా కొత్త బండి నువ్వు తీసుకెల్లు. గౌరీ, నువ్వు పక్కన కూకో. బావా, మెల్లిగా ఎల్లు."

ఇంత తేలిగ్గా గెలుస్తానని జగ్గారావు అనుకోలేదు. చుట్టాలు గుసగుసలాడుకుంటున్నారు. గౌరీశ్వరి ముఖం పాలిపోయింది. భోజనం ముట్టకుండా లేచి, "నాకు అన్న నేడనుకుంటాను," అనేసి బండెక్కింది.

కొత్త బండి. సీట్ల ప్లాస్టిక్ కవర్లైనా తీయలేదు. స్టీల్‌ప్లాంటు వైపు రోడ్డు ఆ పూట నున్నగా, ఖాళీగా ఉంది. కొంత దూరం పోయాక జగ్గారావు వేగం తగ్గించాడు. ఇంకొంత దూరం పోయాక బండిని చెట్టునీడకు తీసి ఆపాడు.

"ఏటైనాది?"

"ఇదీ ఒణుకుతంది."

ఇంజను ఆపాడు. తాళాలు తీసి చేతిలో పట్టుకుని, ముందున్న అద్దంలోంచి రోడ్డువైపు చూస్తూ కూర్చున్నాడు. బండి కదలడం లేదు. గాలి కూడా లేదు. తాళాల గుత్తి మాత్రం గలగలమంటోంది.

గౌరీశ్వరి ఆ గుత్తి అందుకుంది. చప్పుడు ఆగింది. కాసేపు చూసి దాన్ని మళ్ళీ అతని చేతిలో పెట్టింది. చప్పుడు మొదలైంది. ఆమె తన రెండు చేతులతో ఆ చేతిని గట్టిగా పట్టుకుని కొంగులో దాచుకుంది, దారినపోయే వాళ్ళెవరూ చూడకూడదన్నట్టు.

"మీ అన్నకి ఫోన్ సెయ్యి," అన్నాడు జగ్గారావు.

అప్పలసూరి పాత పికప్‌లో వెనకాలే వస్తున్నాడు. ఫోను మోగుతుండగానే వాళ్ళ పక్కన బండి ఆపి దిగాడు. బారసాల బట్టల్లోనే ఉన్నాడు.

"నీకు తెలుసా బావా?"

"పండక్కి మాయింటికొచ్చినప్పుడు సూసినాను. ఇయ్యాల గట్టిగా తెలిసింది."

"అందరిలో దొంగవని ఒప్పీసుకున్నావు. ఎందుకు సెప్పనేదు?"

"ఏటని సెప్పను? బండి బాగునేదంటే మెకానిక్ దగ్గరకి ఎల్తావు. సెయ్యి బాగునేదంటే నువ్వేటైపోతావో అని బయమేసింది. కొత్త బండి నడిపితే నీకు నువ్వే తెలుసుకుంటావనుకున్నాను." అని, చెల్లెలివైపు చూడకుండా, "అన్నం తినకుండా వచ్చీసినారు," అన్నాడు. గౌరీశ్వరి అప్పుడు ఏడ్చింది.

ఆసుపత్రిలో డాక్టరు జగ్గారావును నడిపించి, వేళ్ళు ఆడించి, గీతలు గీయించి, నెమ్మదిగా చెప్పాడు. "ఇది పార్కిన్సన్ అండీ."

"పార్కింగా? బండి బయటే ఎట్టినామండి, ఎవరికీ అడ్డం నేదు."

డాక్టరు నవ్వబోయి మానుకున్నాడు. అది నరాల జబ్బని, మాత్రలతో చాలావరకు అదుపులో ఉంటుందని, పూర్తిగా పోదని, ఇక బండి మాత్రం నడపకూడదని వివరించాడు. జగ్గారావు అంతా విని, "మీరన్నదీ పార్కింగేనండి," అన్నాడు.

మర్నాడు వీరన్న షెడ్డుకు నడిచే వెళ్ళాడు. క్షమించమని అడగడానికి మాటలు వెతుక్కుంటుంటే వీరన్న అడ్డుపడి, "ఊరుకో బావా, టీ తాగుదాం," అన్నాడు. ఇద్దరికీ టీ తెప్పించాడు. జగ్గారావు గ్లాసులో సగమే పోయించాడు.

ఇప్పుడు పాత పికప్‌ను అప్పలసూరే నడుపుతున్నాడు. కొత్త బండిని అద్దెకు ఇచ్చేశాడు. హార్బరులో మంచి చేప ఏదో, నిన్నటి చేప ఏదో జగ్గారావుకు తెలిసినట్టు తెలిసినవాళ్ళు లేరు కాబట్టి, ఏరడం అతని వంతు. ఇంకో క్యాంటీన్ దొరికింది.

పొద్దున్నే ఇద్దరూ బయలుదేరతారు. జగ్గారావు ఎడమ సీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు, నోటికి మాత్రం విశ్రాంతి ఇవ్వడు. "బావా, గేరు మార్సు. బావా, లారీ ఒత్తంది, సూడు." అప్పలసూరి దేనికీ విసుక్కోడు.

గుంత ఎదురైనప్పుడల్లా జగ్గారావు కుడికాలు ముందున్న రేకును గట్టిగా నొక్కుతుంది. అక్కడ బ్రేకు లేదన్న సంగతి కాలికి ఇంకా ఎవరూ చెప్పలేదు.