అంతా మా ఆవిడదేనండి

“గృహానికి సర్వాధికారి స్త్రీ! మిల్లు ఆవిడది, ఇల్లు ఆవిడది, చేపల చెరువులు ఆవిడవి. ఒంటిమీద ఉన్న ఈ చొక్కా తప్ప నాదంటూ ఏమీ లేదు!”

ఏటా మహిళా దినోత్సవం నాడు మండపేట కల్యాణమండపంలో రైసుమిల్లు బుల్లిరాజు ఈ ముక్క అనేసరికి హాలు దద్దరిల్లిపోయేది. శాలువాల మీద శాలువాలు కప్పేవారు. ఆ శాలువాల కోసమే ఇంట్లో ఒక బీరువా కొన్నాడు. దాని బిల్లు కూడా భార్య సూర్యకళ పేరునే రాయించాడు, అలవాటు కొద్దీ.

అసలు సంగతి వేరు. పాత మిల్లు మీద తెచ్చిన అప్పు ఎగ్గొట్టేటప్పుడు, బ్యాంకువాళ్ళ కంట పడకుండా ఉన్నదంతా ఆవిడ పేరుకు మార్చేశాడు మహానుభావుడు. వంటింట్లో ఉన్న మనిషిని పిలిచి, కాగితం మీద వేలు పెట్టి చూపించేవాడు.

“ఇక్కడ సంతకం పెట్టు.”

“ఏంటండి ఇది?”

“నీకెందుకే అవన్నీ? పెట్టు, చాలు.”

ఆవిడ చేతులు తుడుచుకుని పెట్టేది. అలా బ్యాంకుకు నామం, స్త్రీజాతికి సన్మానం ఒకే దెబ్బకు జరిగిపోయాయి.

ఒక రోజు పొద్దున్న సూర్యకళ పెసరట్టు మీద ఉప్మా పెడుతూ, “నాకు విడాకులు కావాలండి,” అంది.

“పిచ్చి గానీ పట్టిందా ఏంటి?”

“బుర్ర బాగానే ఉందండి. ఇన్నేళ్ళలో మీరు నన్ను అడిగింది సంతకం ఒక్కటే. ఇంకేమైనా అడుగుతారేమోనని చూశాను. అల్లం పచ్చడి వెయ్యమంటారా?”

బుల్లిరాజు గుండె గుభేలుమంది. భార్య పోతుందని కాదు, పోతూ పోతూ ఏమేం పట్టుకుపోతుందోనని. అయినా పెసరట్టు పూర్తిగా తిని, కారెక్కి, రాజమండ్రిలో లాయరు రమేష్ బాబు గారి ఆఫీసులో తేలాడు.

“నా ఆస్తికి రక్షణ కావాలండి.”

“దానికేం భాగ్యం! ముందు మీ పేరున ఏమేం ఉన్నాయో చెప్పండి,” అంటూ లాయరు గారు పెన్ను మూత తీశారు. బుల్లిరాజు తల గోక్కున్నాడు.

“మిల్లు ఉంది కదండి?”

“ఆవిడదండి.”

“ఇల్లు?”

“ఆవిడదేనండి.”

“బయట ఆ కారు?”

“ఆయ్... అదీ ఆవిడదే.”

లాయరు గారు పెన్ను మూత పెట్టేశారు. “మరి నన్ను రక్షించమనేది దేన్నండి?”

“అంతా నా కష్టార్జితమండీ! ఆవిడది పేరు మాత్రమే.”

“ఆ మాటే కోర్టులో అందాం. అప్పుడు మీ బ్యాంకువాళ్ళు మర్యాదగా వచ్చి అన్నీ జప్తు చేసుకుంటారు. ఆవిడదే అన్నామా, ఆవిడ పట్టుకుపోతారు. పైగా మీ ఉపన్యాసం యూట్యూబులో ఉంది. చూసి నేర్చుకోమని మా ఆవిడ నా ప్రాణం తీస్తోంది.”

“మరి నాకు దారేదండి?”

“ఒకటుంది. ఆదాయం లేని భర్త, ఉన్న భార్యను మనోవర్తి అడగొచ్చు. చట్టంలోనే ఉంది. నిరాధారుణ్నని పిటిషను వేద్దాం.”

బుల్లిరాజుకు మనోవర్తా! సిగ్గుతో చచ్చిపోయాడు. భూమి చీలితే దూరిపోదామనుకున్నాడు గానీ, తనకు తెలిసిన భూమంతా ఆవిడ పేరునే ఉంది.

సరే, ముందు ఫీజైనా కడదామని, ఫోనులో కార్డు నంబరు కొట్టాడు. ఓటీపీ పంపామన్నారు. ఖాతా ఎవరిదైతే వాళ్ళకే కదా వెళ్ళేది! గొంతు సవరించుకుని ఇంటికి ఫోను చేశాడు.

“సూర్యం, నీ ఫోనుకు ఒక నంబరు వచ్చుంటుంది, కాస్త చదువు.”

“ఏంటండి అది?”

“నీకెందుకే...” అనబోయి నాలుక కరుచుకున్నాడు.

“లాయరు ఫీజా అండి? ఎవరి దగ్గరున్నారు?”

“రమేష్ బాబు గారు.”

“మంచాయనే. ముందు నేనూ ఆయన్నే అనుకున్నాను. ఫీజు ఎక్కువని మానేశాను. ఉండండి, వస్తున్నాను. కారు మీ దగ్గరుంది కాబట్టి బస్సులో వస్తాను.”

మధ్యాహ్నానికి వచ్చింది. బల్ల మీద ఒక కాగితం పరిచి, వేలు పెట్టి చూపించింది.

“ఇక్కడ సంతకం పెట్టండి.”

“ఏంటిది?”

“మీకెందుకండి అవన్నీ? పెట్టండి, చాలు.”

బుల్లిరాజు లాయరు వైపు చూశాడు. లాయరు గారు ఓటీపీ కోసం సూర్యకళ వైపు చూస్తున్నారు. బుల్లిరాజు సంతకం పెట్టేశాడు. అప్పుడు లాయరు గారు పైకి చదివారు. ఇద్దరి అంగీకారంతో విడాకులు. బుల్లిరాజుకు నెలనెలా మనోవర్తి, ఉండటానికి మిల్లు మీద గది. చివర ఒక షరతు: మహిళా దినోత్సవం ఉపన్యాసం మాత్రం మానకూడదు.

మళ్ళీ మార్చి వచ్చింది. అదే హాలు, అదే మైకు. “మిల్లు ఆవిడది... ఇల్లు ఆవిడది...” బుల్లిరాజు ఆ వేదిక మీద నిజం చెప్పడం అదే మొదలు. మగవాళ్ళెవరూ చప్పట్లు కొట్టలేదు. తమ మిల్లులూ చెరువులూ ఎవరి పేరున ఉన్నాయో ఒక్కొక్కరికీ గుర్తొస్తోంది.

“ఒంటిమీద ఉన్న ఈ చొక్కా తప్ప...”

“అది కూడా నేను కొన్నదేనండి,” అంది ముందు వరుసలోంచి సూర్యకళ.