నల్ల తెర పరీక్షలో పాసైన గది

ఇకమీదట పెళ్లి సంబంధాలు కుదర్చడం, ఇళ్లు కట్టడం, మంత్రివర్గాలు నడపడం అన్నీ నల్ల తెరకి అప్పగించాలని నేను గట్టిగా కోరుతున్నాను!

నల్ల తెర అంటే సినిమా తెర కాదు. మా మనవరాలి కంప్యూటర్లో ఉంటుంది. అందులో బొమ్మలుండవు, బటన్లుండవు, రంగులుండవు. నల్లటి నలుపు. ఆ నలుపులో ఓ మూల తెల్లటి గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా మా పిల్లకి కన్నుకొడుతూనే ఉంటుందన్నమాట. మా కాలంలో వీధి మలుపులో ఎవడైనా ఒక్కసారి కన్నుకొడితే ఇంట్లో వారం రోజులు పంచాయితీ జరిగేది. ఇప్పుడు దాని ఎదురుగా కూర్చున్నందుకు కంపెనీ వాళ్లు జీతం ఇస్తున్నారు!

మా మనవరాలు పార్శిళ్ల కంపెనీలో సర్వర్లు చూసుకుంటుంది. ఇంట్లోంచే పని. ఆ సర్వర్లు ఎలా నడుచుకోవాలో కాన్ఫిగ్ ఫైళ్లలో రాసి ఉంటుందట. ఎవరొస్తే లోపలికి రానివ్వాలి, ఎవరిని ఏ మెషీను దగ్గరికి పంపాలి, ఎవరిని గుమ్మంలోనే నిలబెట్టాలి, అన్నీ. కొత్తకోడలికి అత్తగారు చెప్పే మాటలన్నీ ఒకచోట రాసిపెడితే ఎలా ఉంటుందో అలాగన్నమాట. ఆ ఫైళ్లు దిద్దడానికీ, దిద్దింది సరిగ్గా ఉందో లేదో పరీక్ష చెయ్యడానికీ ఈ నల్ల తెర.

ఈ మధ్య ఆ ఉద్యోగానికి మా వీధిగది కావలసివచ్చింది. నెట్ వైరు అక్కడే ఉంది, తలుపు వేసుకుంటే ఫోన్లు మాట్లాడుకోవచ్చు. ఆ గదిలో ఉండేది నేను. పగలంతా అక్కడి కిటికీ దగ్గర కూర్చుని వచ్చేపోయే వాళ్లతో మాట్లాడుతూ ఉంటాను. నన్ను వెనక గదిలోకి మారుద్దామన్నారు. దానిమీద నాకేమీ ఫిర్యాదు లేదు. ముందు నల్ల తెర గొప్పతనం చెప్పనివ్వండి.

మొదటి గుణం, అది తప్పెక్కడుందో చెబుతుంది. “నలభై రెండో లైను, చివర సెమికోలన్ లేదు.” అంతే! సాధింపు లేదు, మూతి విరుపు లేదు. మా ఆయన ఉన్నన్నాళ్లూ కోపం వస్తే కంచం పక్కకి జరిపేవారు. ఏ లైనులో తప్పో చెప్పేవారు కాదు. నేను కూరలో ఉప్పు దగ్గర మొదలుపెట్టి, ఆయన చొక్కా గుండీ, మా అన్నయ్య రాసిన ఉత్తరం, మా పుట్టింటి వాళ్లు పెళ్లిలో చేసిన మర్యాదల దాకా వెతుక్కుంటూ వెళ్లేదాన్ని. చివరికి చూస్తే ఆయనకి పంటి నొప్పి! ఇలాంటి మగవాళ్లందరికీ ఒక్కొక్క నల్ల తెర బిగిస్తే ఆడవాళ్ల ఆయుష్షు పెరగదూ?

ఇంకో సంగతి. అంతా బాగుంటే అది నోరెత్తదు. మెచ్చుకోదు. మా కోడలు కూడా అంతే కాబట్టి నాకు అలవాటే.

ఇక బ్యాకప్పు. ఫైలు ముట్టుకునే ముందు పాతదానికి ఒక కాపీ దాచాలట. మా పిల్ల దాచినవి ఒకసారి చూపించింది. ఒకదాని పేరు పాతది. ఇంకోదాని పేరు అసలుపాతది. తర్వాత కొత్తది, కొత్తదే, ఇదేకొత్తది. చూసి నా కళ్లు చెమర్చాయి. తాడు ముక్కలు, ఖాళీ సీసాలు దాచుకునే నా రక్తం ఎక్కడికి పోతుంది!

మా పిల్ల ఫైళ్లు దిద్దే ఎడిటర్ ఇంకా విచిత్రం. అందులోకి వెళ్లడం తేలిక, బయటికి రావడం ఎలాగో ఎవరికీ తెలియదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పిల్ల దారి దొరక్క కంప్యూటరే కట్టేసి బయటపడిందట. మా ఆడపడుచు మా ఇంటికి వచ్చినప్పుడూ ఇదే పరిస్థితి. ఏ మీట నొక్కితే వెళుతుందో ఆవిడ తోడబుట్టిన మా ఆయనకే అంతుచిక్కలేదు.

వీటన్నిటికీ తలమానికం పరీక్ష! ఫైలు దిద్దాక ఒక కమాండు కొడితే, నల్ల తెర ఆ రాతంతా చదివి “రాత బాగుంది, పరీక్ష పాస్” అంటుంది. అప్పుడు దాన్ని అసలు పనిలో పెడతారు. రాతలో బ్రాకెట్టు తెరిస్తే మూశారా? మూశారు. లైను చివర పెట్టాల్సింది పెట్టారా? పెట్టారు. పాస్!

ఎంత హాయి! ఈ పద్ధతి లోకమంతా ఉంటే ఎంత బాగుండును! ఆ మాటకొస్తే ఉంది కూడా. మా చిన్నాన్న కొడుకు సెలవు కోసం కాగితం పెట్టుకుంటూ, కారణం అన్నచోట “కారణం ఉంది” అని రాశాడు. మంజూరైంది! వాడి పెళ్లి కూడా ఇదే తీరున జరిగింది. పిల్ల ఎత్తు చూశారు, చదువు చూశారు, పలువరస చూశారు. ఇటువైపు ఉద్యోగం చూశారు, జుట్టు ఉందో లేదో చూశారు. అన్నీ పాస్. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించడం ఒక్కటే మరిచిపోయారు. ఆ దంపతులు ఇప్పటికీ “మీ నాన్నకి చెప్పు”, “మీ అమ్మనడుగు” అని పిల్లల మీదుగానే కాపురం చేస్తున్నారు. అయితేనేం? బ్రాకెట్టు మూసే ఉంది!

మా గది పరీక్ష కూడా అంతే చక్కగా జరిగింది. మా అబ్బాయి టేపు పట్టుకుని వెనక గదిలోకి వెళ్లాడు. వెనకాల కోడలు, దాని వెనకాల మనవరాలు, అందరికంటే వెనకాల నేను.

“మంచం పడుతుంది,” అన్నాడు మా అబ్బాయి.

“ఫ్యాను తిరుగుతోంది. బాత్‌రూము పక్కనే. అత్తయ్యకి నడక తగ్గుతుంది,” అంది కోడలు.

“కిటికీ కూడా ఉంది నాయనమ్మా!” అంది మనవరాలు, అదేదో తనే కొనిచ్చినట్టు.

“కిటికీలోంచి ఏం కనిపిస్తుందిరా?” అన్నాను.

“అమ్మా, కిటికీ ఉందా లేదా?”

“ఉంది.”

“గాలి వస్తోందా?”

“వస్తోంది.”

“మరింకేం?”

మరింకేం! పరీక్ష పాస్. ఆదివారం మార్చేద్దామన్నారు. ఆ కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. చెయ్యి చాపితే తగులుతుంది. సున్నం కూడా వెయ్యని గోడ. కానీ కిటికీ అంటే ఒక చట్రం, రెండు తలుపులు, నాలుగు ఊచలు. అన్నీ సవ్యంగా ఉన్నాయి. దాని అవతల ఏముండాలో ఏ పరీక్షలోనూ అడగరు.

ఇక్కడ ఒక చిన్న అపశ్రుతి దొర్లింది. నల్ల తెర మీద గౌరవంకొద్దీ దాచేద్దామనుకున్నాను గానీ, నాకు కడుపులో మాట ఆగదు.

శనివారం పొద్దున మా పిల్ల ఏదో ఫైలు దిద్దింది. పరీక్ష పాస్ అంది నల్ల తెర. దాన్ని పనిలో పెట్టి, నా పక్కన కూర్చుని టీ తాగుతోంది. కప్పు సగం కాకముందే ఫోను. మా పిల్ల పైఆఫీసరు.

“అమ్మా, తమ పార్శిలు ఎక్కడుందో చూసుకుందామని మన సైటుకి వచ్చిన వాళ్లకల్లా ఖాళీ పేజీ వస్తోంది!”

“టెస్ట్ పాస్ అయింది సార్!”

“పాసైతే మరి నా ఫోను పెళ్లివారి ఫోనులా ఎందుకు మోగుతోందమ్మా?”

పిల్ల టీ వదిలేసి పరిగెత్తింది. తీరా చూస్తే, వచ్చిన వాళ్లందరినీ ఒక పాత మెషీను దగ్గరికి పంపమని రాసింది. ఆ మెషీనుని ఎప్పుడో తీసేశారు. అడ్రసులో అక్షరం తప్పు లేదు. ఆ అడ్రసులో ఎవరూ లేరు, అంతే! వెంటనే దాచిన పాత కాపీ పెట్టేసింది. నిమిషంలో అంతా మామూలైంది. పిల్ల మొహం మాత్రం మామూలు కాలేదు.

“మరి నీ నల్ల తెర పాస్ అన్నదేమే?” అన్నాను.

“అది రాత సరిగ్గా ఉందో లేదో చూస్తుంది నాయనమ్మా. అవతల ఎవరైనా ఉన్నారో లేదో దానికేం తెలుసు?”

“అదెవరు చూడాలి?”

“మనమే. వెళ్లి తలుపు తట్టి చూడాలి. నేను చూడలేదు.”

“పోనీలే తల్లీ. ఈ ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు,” అన్నాను.

పిల్ల నా వంక చూసింది గానీ, ఇంతలో మళ్లీ ఫోను మోగింది. ఆదివారం నన్ను మార్చేశారు.

వెనక గదిలో నాకేమీ తక్కువ కాలేదు. ఆ గోడంత మంచి శ్రోతని నేను నా జన్మలో చూడలేదు. మా మేనత్త కాలు విరిగిన కథ మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఒక్కసారి కూడా “ఇది ఇంతకుముందే చెప్పావు” అనలేదు! మా అబ్బాయి రోజూ ఆఫీసు నుంచి రాగానే గుమ్మం అవతల నుంచే “అన్నీ ఓకేనా అమ్మా?” అనేవాడు. “ఓకే నాన్నా,” అనేదాన్ని. వాడు వెళ్లి చెప్పులు విప్పుకునేవాడు. చూశారా, ఎంత త్వరగా అయిపోతుందో!

ఇబ్బందంతా పాపం మనవరాలికే వచ్చింది. నేను గది మారిన సంగతి వీధిలో ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు. చెప్పమని ఎవరూ అనలేదు కదా!

సోమవారం పొద్దున మా పిల్ల ఆఫీసరుతో మాట్లాడుతుంటే కిటికీ ఊచల్లోంచి ఎదుటి కొట్టు దర్జీ తల పెట్టాడు.

“మామ్మగారూ! మా ఆవిడ మోకాలికి ఏదో చెబుతానన్నారు... అయ్యో, నువ్వా పాపా! మామ్మగారికేమైంది? బాగానే ఉన్నారా?”

“బాగానే ఉన్నారు అంకుల్, నేను కాల్‌లో ఉన్నాను.”

“బాగుంటే కనబడరేం?” అని అతను అక్కడే నిలబడ్డాడు. అతను నిలబడ్డాడని కూరగాయల బండావిడ ఆగింది. ఆవిడ ఆగిందని పోస్ట్‌మాన్ సైకిలు దిగాడు. ముగ్గురూ చేరి నా ఆరోగ్యం గురించి తలో మాటా వేసుకుంటుంటే, అదంతా ఫోన్లో ఆఫీసరు చెవిన పడింది. “ఇంట్లో ఏదైనా జరగరానిది జరిగితే సెలవు తీసుకోమ్మా, మొహమాటపడకు,” అన్నాడట పెద్దమనిషి!

మంగళవారం పక్కవీధి పంతులమ్మ వచ్చి, తన కూతురి అలకల గురించి మా పిల్లకే ఏకరువు పెట్టింది. బుధవారం దర్జీ భార్య మోకాలితో సహా తనే వచ్చింది. మా పిల్ల కిటికీ మూసుకుంటే తలుపు తట్టారు. తలుపు తియ్యకపోతే కంగారుపడి అందరూ కలిసి తట్టారు. గురువారం సాయంత్రానికి పిల్ల నా మంచం దగ్గరికి వచ్చి కూలబడింది.

“నాయనమ్మా, నీ ట్రాఫిక్ అంతా నాకే వస్తోంది. నావల్ల కాదు. నీ గది నువ్వు తీసుకో, నేను ఇందులోకి వస్తాను. వైరు నాన్న లాగిస్తానన్నాడు.”

“నీ ఇష్టం తల్లీ. పరీక్ష చేసుకున్నావా?”

“మంచమే పట్టింది, టేబులు పట్టదా?” అని లేచింది.

అలా నేను నా కిటికీ దగ్గరికి వచ్చిపడ్డాను. ఎందుకు మార్చారంటే, కాల్స్‌కి ఇబ్బంది అవుతోందని. కారణం ఉంది కదా, చాలు! వీధి వీధంతా ఒకసారి వచ్చి చూసి వెళ్లింది.

శుక్రవారం పొద్దున పిల్ల వెనక గదిలో నల్ల తెర తెరుచుకుని కూర్చుంది. మధ్యాహ్నం భోజనానికి బయటికొచ్చేసరికి మొహం వడలిపోయి ఉంది.

“నాన్నా, ఆ గదిలో నేనుండలేను. తలెత్తితే గోడ. కళ్లు మూసుకున్నా గోడే కనిపిస్తోంది. మనిషి అలికిడి లేదు. నాకు ఊపిరాడట్లేదు.”

“అయ్యో నా తల్లీ, ముందే చెప్పొద్దూ!” అని కోడలు దాని వీపు నిమిరింది.

ఆరోజు ఇంట్లోనే ఉన్న మా అబ్బాయి తింటున్న వాడల్లా లేచాడు. చెయ్యి కడుక్కుని ఆ గదిలోకి వెళ్లి, కుర్చీలో కూర్చుని, కిటికీ తెరిచి చూశాడు. కాసేపటికి బయటికి వచ్చాడు.

“హాల్లో ఆ మూల నీకు టేబులు వేద్దాం. టీవీ తీసేద్దాం. ఇవాళే!” అన్నాడు. అని ఊరుకోలేదు, ఇంత గొంతేసుకుని, “అసలదీ ఒక గదేనా? మనిషన్నవాళ్లు అందులో ఎలా ఉంటారు? ఏమంటావమ్మా?” అని నా వైపు తిరిగాడు.

మా అబ్బాయిది మెత్తటి మనసు. కూతురు ఒక్కపూట బాధపడితే చూడలేకపోయాడు. ఆదివారం నుంచి గురువారం దాకా ఆ గదిలో ఉండి వచ్చినదాన్ని కాబట్టి, నాకు తెలిసింది చెప్పాను.

“నిజమేరా నాన్నా. మనిషన్నవాళ్లు ఉండలేరు.”