ఇంటికో మంత్రగత్తె కావాలి

సంసారాలు చల్లగా ఉండాలంటే ఇంటికో మంత్రగత్తె ఉండి తీరాలి! ఈ మాట నేను తొందరపడి అనడం లేదు. బాగా ఆలోచించి, కాఫీ తాగి, కళ్ళజోడు తుడుచుకుని మరీ అంటున్నాను.

నవ్వకండి. నవ్వేవాళ్ళ ఇళ్ళల్లో టీవీ పాడైపోయి ఉంటుందని నా అనుమానం. మా ఇంట్లో లక్షణంగా పనిచేస్తోంది. అందులో మొన్న మొన్నటిదాకా సాయంత్రం పూట 'శాపాల మేడ' అనే సీరియల్ వచ్చేది. కొండ మీద ఓ పాడుబడ్డ మేడ. మేడ కింద నేలమాళిగ. నేలమాళిగలో పెద్ద పెట్టె. పెట్టెలో మూడు వందల ఏళ్ళుగా కునుకు తీస్తున్న హీరో. అన్నేళ్ళు పడుకున్నా గడ్డం పెరగదు, చొక్కా నలగదు. అటక మీద మంత్రగత్తె. హాల్లో నిలువెత్తు గడియారం. దాని తలుపు తీసుకుని లోపలికి వెళ్తే ఏదో ఒక పాత శతాబ్దంలో తేలతారు. ఇన్ని హంగులున్న మేడలో బల్బు మాత్రం ఒక్కటీ ఉండదు, అన్నీ కొవ్వొత్తులే. కరెంటువాళ్ళు ఆ కొండ ఎక్కలేక ఊరుకున్నారో ఏమో!

ఇక హీరోయిన్. ఆవిడ ప్రతి శతాబ్దంలోనూ పుడుతుంది. ప్రతి శతాబ్దంలోనూ పనిగట్టుకుని ఆ పెట్టెలో మనిషినే ప్రేమిస్తుంది. "నువ్వంటే నాకిష్టం" అనాల్సిన సమయానికి సరిగ్గా "కాదు" అని బురుజు మీద నుంచి కింద పడుతుంది. మనిషన్నాక ఒకసారి పడితే రెండోసారి బురుజు ఎక్కుతుందా? ఈవిడ ఎక్కుతుంది! పట్టుదల అంటే అదీ.

ఇలాంటి సీరియళ్ళు జనాన్ని చెడగొడుతున్నాయని కొందరు మేధావులు వ్యాసాలు రాస్తుంటారు. చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. ఎవర్ని చెడగొట్టింది, చెప్పండి? మా వీధి మలుపులో పళ్ళ డాక్టరు ఉన్నాడు. ఆయన గోడకి టీవీ పెట్టాడు. ఒకాయన నోరు తెరుచుకుని కుర్చీలో పడుకుని, ఎపిసోడ్ ఆసాంతం గుడ్లప్పగించి చూశాడు. పన్ను ఊడిన సంగతి ఇంటికెళ్ళి అద్దంలో చూసుకున్నాకే తెలిసిందట. మత్తు ఇంజెక్షన్ ఇవ్వడం మరిచిపోయానని డాక్టరుకీ అప్పుడే గుర్తొచ్చింది. వైద్యశాస్త్రం ఇంత సుఖం ఏనాడైనా ఇచ్చిందా?

ఓర్పు సంగతి చూడండి. మంత్రగత్తె శాపం పెట్టడానికి సోమవారం చెయ్యెత్తితే, ఆ శాపం శుక్రవారానికి గాని తగలదు. ఈలోపు హీరో మొహం చూపిస్తారు. హీరోయిన్ మొహం చూపిస్తారు. తోటమాలి మొహం, పిల్లి మొహం, మళ్ళీ హీరో మొహం. ఆ పిల్లి ఒక్కటే ఏమీ ఆశ్చర్యపోదు. తక్కిన వాళ్ళందరూ ప్రతిసారీ కొత్తగా ఆశ్చర్యపోతారు. ఇంత నిదానం నేర్పే బడి ఇంకోటి ఉందా?

అయినా అసలు లాభం ఇవేవీ కావు. అసలు లాభం ప్రకటనలు!

మా ఆవిడ స్కూల్లో లెక్కలు చెబుతుంది. నేను పత్రికాఫీసులో ఇతరుల తప్పులు దిద్ది, నా తప్పులు అచ్చువేయించుకుంటాను. ఇద్దరం సాయంత్రానికి పిండేసిన నిమ్మకాయల్లా ఇల్లు చేరతాం. "ఏమోయ్, ఒక మాట" అంటాను. "ఉండండి, యాడ్ రానివ్వండి" అంటుంది. యాడ్ వస్తుంది. జలపాతం కింద ఓ అమ్మాయి సబ్బు రుద్దుకుంటూ ఉంటే మేము సంసారం చక్కబెట్టుకుంటాం. ఫ్రిజ్ మార్చాలా వద్దా అన్నది సబ్బుకీ టూత్‌పేస్టుకీ మధ్య తేల్చాం. మా అత్తగారి కంటి ఆపరేషన్ వంటనూనె ప్రకటనలో ఖాయం చేశాం. ఒకసారి నాకు పట్టరాని కోపం వచ్చి అరవడం మొదలుపెట్టాను. ఇంతలో ప్రకటన అయిపోయింది. మళ్ళీ ప్రకటన వచ్చేసరికి కోపం దేనికొచ్చిందో మరిచిపోయాను. అడిగితే ఆవిడా మరిచిపోయింది. ఇలాంటి శాంతి ఒప్పందాలు దేశాల మధ్య కూడా కుదరవు!

ఒకే ఒక్క మాట మాత్రం ఏ ప్రకటనలోనూ చెప్పడం నాకు కుదరలేదు. మొదలుపెట్టబోతాను, మంత్రగత్తె వచ్చేస్తుంది. దాని సంగతి తర్వాత.

ఇంతకీ ఈ సీరియల్ రాసిందెవరనుకున్నారు? సాక్షాత్తూ మా బావమరిది! మా ఇంట్లోనే, మా ముందు గదిలోనే, నా కుర్చీలోనే కూర్చుని రాసేవాడు. కాలప్రయాణం వెనకున్న రహస్యం వాడే నాకు చెప్పాడు. హీరో తండ్రి వేషం వేసేవాడికి మోకాళ్ళ నొప్పి వచ్చి సెలవడిగాడు. వెంటనే గడియారం తలుపు తీసి పాత శతాబ్దంలోకి తోసేశారు. నొప్పి తగ్గినా ఆయన రానన్నాడు. దాంతో గడియారంలోంచి ఇంకో నటుడు దిగాడు. కొడుకు కన్నా తండ్రి చిన్నవాడైపోయాడు. "కాలంలో వెనక్కి వెళ్ళాడు కదా బావా, వయసు తగ్గదా మరి?" అన్నాడు వీడు.

వాళ్ళ పనిలో ఒక నియమం ఉంది. ఏ ప్రశ్నకీ అదే ఎపిసోడ్‌లో జవాబు చెప్పకూడదు. ఎవరో ఏదో అడగాలి, ఢామ్మని సంగీతం రావాలి, అవతలి మొహం బిగుసుకుపోవాలి. జవాబు మర్నాటికి. శుక్రవారం అడిగితే సోమవారానికి. రాసీ రాసీ ఆ నియమం మా వాడి ఒంట్లోకి దిగిపోయింది. "కూరలో ఉప్పు సరిపోయిందిరా?" అని వాళ్ళక్క అడిగేది. వీడు మెల్లగా తలెత్తి, ఒక కనుబొమ్మ పైకి లేపి, కంచం పట్టుకుని గదిలోకి వెళ్ళిపోయేవాడు. "సరిపోయిందక్కా" అని మర్నాడు పొద్దున్న చెప్పేవాడు. అప్పటికి ఆ కూర గిన్నె కూడా కడిగేసి ఉండేది.

అలాంటివాడు ప్రేమలో పడ్డాడు!

హీరోయిన్‌కి మన భాష రాదు. కెమెరా ముందు ఆవిడ ఒకటి, రెండు, మూడు అని అంకెలు చదువుతుంది. గొంతు మాత్రం స్టూడియోలో డబ్బింగ్ అమ్మాయిది. మంత్రగత్తె గొంతూ ఆ పిల్లదే. అంటే తనే శాపం పెట్టుకుంటుంది, తనే ఏడుస్తుంది, తనే పగలబడి నవ్వుతుంది. ఆ గొంతు విని మా వాడు మంచం పట్టాడు. హీరో నోట వాడు రాసిన ప్రేమ మాటలన్నీ ఆ అమ్మాయి కోసమే. ఔనంటే కథ ముగిసిపోతుందన్న చానల్ వాళ్ళ నియమం వల్ల ఆ అమ్మాయి చేత "కాదు" అనిపించి బురుజు మీద నుంచి తోసేదీ వాడే. ఈ ఖర్మ పగవాడికి కూడా వద్దు.

ఇంతలో పిడుగులాంటి వార్త తెచ్చాడు. ఆ అమ్మాయికి వేరే ఊరి స్టూడియోలో పని దొరికింది. శుక్రవారం ఆఖరి డబ్బింగ్, ఆదివారం ప్రయాణం.

"వెళ్ళి అడగరా వెధవా! మనసులో ఉన్నది చెప్పి, ఏమంటుందో కనుక్కో" అంది మా ఆవిడ. అదీ ప్రకటనలోనే. గురువారం వాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టూడియోకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి మా అత్తగారితో సహా ముగ్గురం గుమ్మంలోనే నిలబడి ఉన్నాం.

"అడిగావా?" అంది మా ఆవిడ.

"అడిగానక్కా. క్యాంటీన్‌లో కూర్చోబెట్టి, నన్ను పెళ్ళి చేసుకుంటారా అని సూటిగా అడిగేశాను."

"ఏమంది? ఏమంది?" అన్నారు మా అత్తగారు, కంటికి కట్టు ఉన్న సంగతి కూడా మరిచిపోయి.

"టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. తలెత్తింది. నా కళ్ళల్లోకి చూసింది. నోరు తెరిచింది..."

"తెరిచి?"

"నేను లేచి వచ్చేశాను."



"వచ్చేయడమేమిట్రా!" అని మా ఆవిడ అరిచింది.

"అక్కడ ఆపితేనే కదక్కా బాగుంటుంది..." అన్నాడు వాడు. అంటూండగానే తను చేసిందేమిటో తనకే తెలిసొచ్చింది. మొహం పాలిపోయింది. అలాగే నా కుర్చీలో కూలబడ్డాడు. "అలవాటులో వచ్చేశానక్కా" అన్నాడు. అంతవరకూ నవ్వు ఆపుకుంటున్న నాకు కూడా పాపం అనిపించింది.

ఫోన్ చెయ్యమన్నాం. చెయ్యలేకపోయాడు. "అడిగి పారిపోయినవాడికి ఎవరు ఔనంటారు బావా? కాదనే అంటుంది. కాదని ఆ గొంతుతో వినలేను" అన్నాడు. అదే గొంతుతో కాదని ఎన్నిసార్లు అనిపించాడో వాడు! ఆ శుక్రవారం ఎపిసోడ్‌లో కూడా అదే ఉంది. గురువారం హీరో గడియారం దాటొచ్చి ఆఖరిసారిగా అడిగాడు, జవాబు శుక్రవారానికి. హీరోయిన్ "ఎన్నటికీ కాదు!" అని దూకుతుంది. షూటింగ్ ఎప్పుడో అయిపోయింది. శుక్రవారం మధ్యాహ్నం గొంతు కలపడం, సాయంత్రం గాలిలోకి వదలడం. వాళ్ళ పని ఎప్పుడూ అంతే, పొయ్యి మీంచి నేరుగా కంచంలోకి. మధ్యలో ఆగి వినే నాథుడు ఉండడు.

ఆ సాయంత్రం మా వాడు సోఫా చివర ముడుచుకుని కూర్చున్నాడు. టీవీలో ఉరుములు, మెరుపులు, గబ్బిలాలు. బురుజు మీద హీరోయిన్ జుట్టు ఎగురుతోంది. "మూడు శతాబ్దాలుగా అడుగుతున్నాను, జవాబు చెప్పు!" అని హీరో కేక పెట్టాడు. హీరోయిన్ నిప్పులు కక్కుతూ చూసింది. పళ్ళు కొరికింది. నోరు తెరిచింది.

"సరే. నాకిష్టమే" అంది.

మేమందరం ఉలిక్కిపడ్డాం. గొంతు ఆ డబ్బింగ్ అమ్మాయిదే, మాట మాత్రం మా వాడు రాసింది కాదు.

"కానీ అడిగి, జవాబు వినకుండా లేచి వెళ్ళిపోతే ఎలాగండీ? స్టూడియో మూసేదాకా క్యాంటీన్‌లోనే ఉంటాను. వచ్చి వినండి." ఈ ఆఖరి మాటలు వచ్చేసరికి హీరోయిన్ నోరు మూసేసే ఉంది. ఆ తర్వాత, బొమ్మలో ఉన్నది ఎవరు మార్చగలరు, యథాప్రకారం బురుజు మీద నుంచి దూకేసింది.

"ఒప్పుకున్నాక దూకడమేమిటే, దీనికేమైనా మతిపోయిందా!" అని మా అత్తగారు గుండెలు బాదుకున్నారు.

మా వాడు మాత్రం లేచాడు. ప్రకటన రాకుండా మా ఇంట్లో ఒక మనిషి లేవడం అదే మొదటిసారి. ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి నా చెప్పు వేసుకుని వీధిలో పరుగెత్తాడు. మా ఆవిడ ఒక చేత్తో నోరు కప్పుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వింది. నేను టీవీ వైపు చూడటం మరిచిపోయాను.

ఆ తర్వాత జరిగినవన్నీ శుభాలే. శాపాల మేడలో క్యాంటీన్ ఎక్కడుందని చానల్‌కి ఒకటే ఫోన్లు. నేలమాళిగలో పెట్టె పక్కనేనని ఒకావిడ బల్లగుద్ది చెప్పిందట. హీరోయిన్ ఔనన్నాక ఇంకెవరు చూస్తారని నిర్మాత తల పట్టుకుని సీరియల్ మూసేశాడు. ఆ అమ్మాయి ప్రయాణం మానుకుంది. పెళ్ళయింది. ఇద్దరూ స్టూడియో దగ్గర ఇల్లు తీసుకున్నారు. కొత్త సంసారం తను లేకపోతే నడవదని మా అత్తగారు కూడా సర్దుకుని వెళ్ళారు. ఇప్పుడు ఉప్పు సరిపోయిందా అని అడిగితే మా బావమరిది గిన్నె దించకముందే జవాబు చెబుతున్నాడట.

అందరూ బాగుపడ్డారు. నేను చెడ్డాను!

నిన్న సాయంత్రం టీవీ కట్టేసి ఉంది. ఇల్లంతా నిశ్శబ్దం. మా ఆవిడ సోఫాలో నా వైపు తిరిగి కూర్చుంది. "ఏమండీ, ఇన్నాళ్ళూ నాకేదో చెప్పాలని నోరు తెరిచేవారు. సీరియల్ మొదలవగానే మూసుకునేవారు. ఏమిటది? ఇప్పుడు చెప్పండి, ఎవరూ లేరు" అంది.

పాఠకులారా, మీకు చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు. నవ్వేటప్పుడు ఆ చెయ్యి అడ్డం పెట్టుకోవద్దని చెప్పాలి. ఇన్నేళ్ళూ నేను పరుగున ఇల్లు చేరింది ఆ దిక్కుమాలిన మేడ కోసం కాదని, మంత్రగత్తె చెయ్యెత్తినప్పుడల్లా పక్కనుంచి నీ నవ్వు చూడటానికేనని చెప్పాలి. ఇంతే! ఒక సబ్బు ప్రకటనంత కూడా పట్టదు.

నోరు తెరిచాను. ఆవిడ చూస్తోంది. లేచి కిటికీ వేయడానికి వెళ్ళాను.

"మా తమ్ముడి దగ్గర నేర్చుకున్నారా?" అంది వెనక నుంచి.

అయ్యా చానల్ వారూ! మీకు దణ్ణం పెడతాను. మంత్రగత్తె వద్దు, గడియారం వద్దు, పెట్టెలో హీరోని హాయిగా పడుకోనివ్వండి. ఆ జలపాతం కింద సబ్బు ప్రకటన ఒక్కటి మళ్ళీ వెయ్యండి, దాని చాటున ఎలాగో చెప్పేస్తాను. కాస్త త్వరగా వెయ్యండి. ఆవిడ మళ్ళీ అడిగింది. ఇంట్లో ఉన్న కిటికీలన్నీ నేను వేసేశాను.