ఆరు డబ్బాలు, ఆరు వాటాలు

ఆ రోజు పొద్దున్న వీరవేణి అనుకున్నవి మూడే పనులు. కూతురు హారతికి తలంటు పొయ్యడం, మాగాయకి ముక్కలు తరగడం, పదింటికి భీమవరం టీవీ కొట్టు నుంచి వచ్చే దొరబాబుకి సినిమా సౌండు డబ్బాలు ఎక్కడెక్కడ బిగించాలో చూపించడం. మొదటి రెండూ చేతులే చేసుకుపోతాయి. మూడోదానికే తల కావాలి.

రొయ్య బాగా పండిన ఏడాది అది. మొగల్తూరు చుట్టుపక్కల చెరువులున్న వాళ్ళందరూ ఏదో ఒకటి కొన్నారు. ఒకరు కారు కొన్నారు, ఒకరు మేడ మీద మేడ వేశారు. వీరవేణి భర్త వెంకటరాజుకి మాత్రం ఇంట్లోనే సినిమా హాలు ఉండాలని బుద్ధి పుట్టింది. పెద్ద టీవీ, డీవీడీ ప్లేయరు, ఆరు స్పీకర్లు. కొట్టువాడితో "ఎంతైనా పర్లేదండి, సౌండు మాత్రం అదిరిపోవాలి" అని చెప్పి వచ్చాడు. భార్యతో ఇంకో మాట చెప్పాడు.

"ఏది ఎక్కడ పెట్టించాలో నువ్వే చూసుకో వేణీ. నేను చెరువు మీదుంటాను. ఇంట్లో తిరిగేదానివి, నీకే తెలుస్తుంది."

ఎనిమిదో తరగతి మధ్యలో బడి మాన్పించాక, 'నీకే తెలుస్తుంది' అని ఆమెతో ఎవరూ అనలేదు. నాలుగు రోజులపాటు ఆ మాటని చీరకొంగున ముడివేసుకున్నట్టు దాచుకుని తిరిగింది. చివరికి పాత క్యాలెండరు కాగితం తిరగేసి, హారతి పెన్సిలుతో హాలు గీసింది. సోఫా గీసింది, టీవీ గీసింది. టీవీ కింద ఒక డబ్బా, అటూ ఇటూ రెండు, సోఫా వెనక రెండు, మూలన పెద్దది. చెవులు రెండూ మనిషికి ఎటు ఉంటాయో ఆలోచించి గీసింది, అంతే.

దొరబాబు ఆ కాగితం చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు. "అచ్చం ఇలాగేనండి అమ్మగారండి! మా కొట్లో పుస్తకంలో బొమ్మ కూడా ఇంతేనండి. ఎక్కడ నేర్చుకున్నారండి?"

వీరవేణి సిగ్గుపడి కాగితం మడిచేసింది.

"ఒక్క సంగతి గుర్తుంచుకోండి," అన్నాడు దొరబాబు, డబ్బాలు విప్పుతూ. "ఇవి ఆరూ ఆరు రేడియోలు కాదండి. ఆరూ కలిస్తేనే ఒక సౌండు. మధ్యదాంట్లో మాటలొస్తాయి. ముందు రెండిట్లో పాటలు. వెనక రెండిట్లో వాన, గాలి, తుపాకులు. ఈ పెద్దదుంది చూశారూ, దీనికి అదరడం తప్ప ఇంకేం రాదు. అన్నీ ఒకచోట ఉండాలండి."

అర్థమైందని తల ఊపింది. నిజంగానే అర్థమైంది. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెని కుదురుగా ఉండనివ్వనిది అదే. అర్థం కాకపోయి ఉంటే తప్పు ఆమెది కాకపోయేది.

ఇక్కడ అత్తగారి సంగతి చెప్పాలి. బుల్లెమ్మగారు కోడలితో మాట్లాడి అప్పటికి రెండున్నర నెలలు. రథసప్తమికి వీరవేణి తమ్ముడు ఆత్రేయపురం నుంచి పూతరేకుల పెట్టె తెచ్చాడు. ఆ ఇంట్లో ఏది వచ్చినా ముందు అత్తగారి ముందు పెట్టాలి, ఆవిడే విప్పాలి, ఆవిడే వాటాలెయ్యాలి. పండుగప్ప చేపైనా అంతే, తాటిముంజలైనా అంతే. ఆ రోజు హారతి జ్వరంతో గుక్కపెట్టి ఏడుస్తోంది. వీరవేణి తన గదిలోనే పెట్టె విప్పి ఒక్క పూతరేకు పిల్ల చేతిలో పెట్టింది. ఒక్కటే. సరిగ్గా అప్పుడే బుల్లెమ్మగారు గుమ్మంలోకి వచ్చారు.

అప్పట్నుంచి ఆవిడ ఏం చెప్పాలన్నా నాలుగేళ్ళ హారతితోనే. "హారతీ, మీ అమ్మ పప్పులో ఉప్పేసిందేమో కనుక్కో." కోడలు పక్కనే గరిటె పట్టుకుని నిలబడి ఉంటుంది. "వేసిందంట మామ్మా," అంటుంది పిల్ల. అలా ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి హారతికి మాటలు బాగా వచ్చేశాయి గానీ, వీరవేణికి అన్నం సయించడం మానేసింది. ఆవిడ మళ్ళీ 'అమ్మాయ్' అని ఒక్కసారి పిలిస్తే చాలని, కనిపించిన దేవుడికల్లా మొక్కుకుంటోంది.

డబ్బాలు వచ్చాయని తెలిసి మామగారు జీవరాజు గారు హాల్లోకి వచ్చారు. వేలు పెట్టి లెక్కపెట్టారు.

"ఆరు! ఆరూ ఈ హాల్లోకేనా? వాటాలెయ్యరా?"

"వాటాలేంటండి?" అన్నాడు దొరబాబు.

"మా గదికొకటి. మేడ మీద పెద్దకోడలు శ్రీదుర్గకొకటి. ఇంతమంది ఉన్న ఇంట్లో అన్నీ ఒక్కరే పెట్టుకుంటే బావుంటుందా? వైరుందా, లేదా?"

"వైరుకేం లోటండి, వెంకటరాజుగారు కావలసినంత తీసుకెళ్ళమన్నారు. కానీ..."

డబ్బు తక్కువైతే వైరు చాలక ఆ ముప్పు తప్పి ఉండేది.

అంతలో తలుపు వెనక నుంచి బుల్లెమ్మగారి గొంతు వినపడింది. "హారతీ, మీ తాతగారితో చెప్పు. నాకేమీ వద్దు. నాకెవరు పెడతారు? నేనెవర్ని?"

దొరబాబు వీరవేణి వంక చూశాడు. ఇల్లామె చెప్పాలి. 'ఆరూ కలిస్తేనే ఒక సౌండు మావయ్యగారండి' అన్న మాట ఆమె గొంతు దాకా వచ్చింది. నాలిక చివర నిలబడింది కూడా. ఎనిమిదో తరగతి సగంలో ఆపేసినదానివి, నాకు చెబుతావా అంటే? మళ్ళీ పూతరేకుల పెట్టె లాగే అయితే? అంతలోనే ఇంకో ఆశ కూడా పుట్టింది. అన్నిటికంటే ముఖ్యమైన డబ్బా అత్తగారికిస్తే?

"మధ్యది వంటింట్లో పెట్టండి దొరబాబుగారండి," అంది. "అత్తయ్యగారికి."

దొరబాబు నిచ్చెన తెచ్చుకున్నాడు. వెనక డబ్బాల్లో ఒకటి మామగారి మంచం పైన, ఇంకొకటి మేడ మీద. మాటల డబ్బా వంటింట్లో, హాల్లోకి తెరిచిన కిటికీ పక్క గూట్లో. అదరడం తప్ప ఏమీ రాని ఆ పెద్దది ఎవరికీ నచ్చలేదు. అందుకని వీరవేణి తన గదిలో మంచం కింద పెట్టించుకుంది. హాల్లో టీవీతో మిగిలినవి రెండు. క్యాలెండరు కాగితం బొడ్లోనే ఉండిపోయింది.

పరీక్షకని దొరబాబు పాటల సీడీ వేశాడు. పాటలు హాల్లో రెండు డబ్బాల్లోనే వచ్చాయి. మంచం కిందది అదిరింది. మిగతావి కిక్కురుమనలేదు.

బుల్లెమ్మగారు గూటికేసి చూశారు. "హారతీ, మీ అమ్మ నాకు ఏరి ఏరి మూగది ఇచ్చిందే."

"సినిమా వేస్తే పలుకుతుందండి," అని దొరబాబు వీరవేణితో మెల్లిగా చెప్పి, బస్సుకి టైమైందని వెళ్ళిపోయాడు. ఆ మాటైనా ఆమె అత్తగారికి చేరవేయాల్సింది. హారతి నిద్రపోతోంది. ఎవరితో చెప్పి పంపిస్తుంది?

మధ్యాహ్నం మూడింటికి వెంకటరాజు భోంచేసి, సినిమా వేశాడు. డబ్బాల పంపకం చూసి అతను ఏదో అనబోయాడు గానీ, నాన్నగారి ఏర్పాటని తెలిసి ఊరుకున్నాడు. సినిమా తుఫానుతో మొదలైంది. హాల్లో చూస్తున్న వాళ్ళకి మెరుపు కనపడింది గానీ ఉరుము వినపడలేదు. అది మామగారి గదికి వెళ్ళింది.

కునుకు తీస్తున్న జీవరాజు గారి నెత్తి మీద ఉరిమింది. వెంటనే జోరున వాన. ఇంటి ముందు దాళ్వా పంట ధాన్యం ఆరబోసి ఉంది. ఆయన పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తారు.

"వాన! వాన! ధాన్యం! బరకాలు తీసుకురండర్రా!"

అదే సమయానికి మేడ మీద నుంచి శ్రీదుర్గ కేకేసింది. "అవునండి మావయ్యగారండి, ఇక్కడా పడుతోంది! నా వడియాలు!"

ఇద్దరు చెప్పాక ఇక ఆకాశం చూసేదెవరు? వెంకటరాజు ఒక కొస, వీరవేణి ఒక కొస పట్టుకుని ధాన్యం మీదికి బరకం ఈడ్చారు. లోపలి నుంచి హారతి "అమ్మా, మంచం వణుకుతోందే!" అని ఏడుస్తూ వచ్చి తల్లిని పట్టుకుంది. వానల సంగతి జీవరాజు గారికి తెలిసినంత ఎవరికీ తెలియదని ఊళ్ళో పేరు. ఆయన్ని చూసి ఎదురింటి వాళ్ళు కప్పారు, వాళ్ళని చూసి పక్కింటి వాళ్ళు కప్పారు. పావుగంటలో వీధి వీధంతా, మాడు పగిలే ఎండలో, ధాన్యానికి దుప్పటి కప్పి నిలబడింది.

"చుక్క పడలేదేంటండి?" అన్నాడు ఎదురింటి బుల్లియ్య, చెయ్యి చాపి చూస్తూ.

"పడుతుందిలే," అన్నారు జీవరాజు గారు. ఆ తర్వాత పైకి చూశారు.

ఈ లోపల ఖాళీ హాల్లో సినిమా నడుస్తూనే ఉంది. వంటింట్లో బుల్లెమ్మగారు మామిడి ముక్కలకి ఉప్పు కలుపుతున్నారు. కిటికీ వైపు నుంచి ఒక ఆడమనిషి గొంతు వచ్చింది. వెనక పాటా లేదు, తాళం లేదు. పక్కగదిలో మాట్లాడుకుంటున్నట్టే ఉంది.

"కోపముంటే నాలుగు తిట్టమనండి. ఇలా మాటలు మానేసి చంపడమెందుకు? నేను ఈ ఇంటికి పనిమనిషినా? అమ్మా నాన్నని వదిలేసి వచ్చింది ఈ గోడలతో మాట్లాడుకోడానికా?"

"నెమ్మదిగా. అమ్మ వింటుంది," అంది మగ గొంతు.

"విననివ్వండి! వింటేనన్నా ఏమంటుందో చూద్దాం!"

మూగ డబ్బా సంగతి ఆవిడకి గుర్తే రాలేదు. ఉప్పు చేత్తోనే కూలబడిపోయారు.

వీరవేణి మంచినీళ్ళకని దొడ్డి గుమ్మంలోంచి వచ్చేసరికి అత్తగారు పీట మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నారు. కారం పడిందేమో అనుకుంది.

"అమ్మాయ్," అన్నారావిడ.

వీరవేణి చేతిలో చెంబు జారిపోయింది.

"ఇలా రా. నువ్వన్నది విన్నాను. తప్పు నాదే అమ్మాయ్. ఒక్క పూతరేకు కోసం రెండున్నర నెలలు నిన్ను ఏడిపించాను. పిల్ల జ్వరంతో ఉందని నాకు తెలుసు. తెలిసీ పంతం పట్టాను." ఆవిడ నడుముకున్న కొట్టుగది తాళాలగుత్తి తీసి కోడలి చేతిలో పెట్టి, వేళ్ళు మూశారు. "ఇక నుంచి ఏది వచ్చినా నువ్వే విప్పు. నువ్వే పంచు."

ఆ క్షణంలో ఆమె ఊరుకుని ఉంటే సరిపోయేది. గుత్తి బొడ్లో దోపుకుని, 'సరే అత్తయ్యగారండి' అంటే అయిపోయేది. కానీ 'నువ్వన్నది విన్నాను' అన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. తను ఏమంది? ఎప్పుడంది?

"నేనేమన్నానండి?"

"పనిమనిషినా అని అడిగావుగా. అడగాల్సిందేలే."

"అయ్యో, నేనా! నా పిల్ల మీద ఒట్టు, నేననలేదండి!" భయం ఆమె నోటికి గడియ తీసేసింది. "నేను ధాన్యం దగ్గరున్నానండి. అది సినిమాలో పిల్లండి. ఇదిగో, ఈ డబ్బాలోంచే వచ్చిందండి. ఇందులో మాటలొక్కటే వస్తాయంట. ఆరూ కలిస్తేనే ఒక సౌండంట. దొరబాబుగారు పొద్దున్నే చెప్పారండి!"

పొద్దున్న గొంతులో ఇరుక్కున్న మాట పూర్తిగా, ఒక్క అక్షరం తగ్గకుండా అప్పుడు బయటికొచ్చింది.

బుల్లెమ్మగారు తలెత్తి గూటికేసి చూశారు. డబ్బా దగ్గి, "అమ్మా, కాస్త కాఫీ ఇస్తావా?" అంది.

"పొద్దున్నే చెప్పాడా?" అన్నారావిడ. "ఇందులో మాటలొస్తాయని తెలుసా నీకు?"

"తెలుసండి, కానీ..."

"తెలిసే, తిట్ల డబ్బా తెచ్చి నా వంటింట్లో పెట్టించావా?"

చెప్పడానికి వీరవేణి దగ్గర చాలా ఉంది. ముఖ్యమైనదని ఇచ్చాను, మీరు పిలుస్తారని ఇచ్చాను అని చెప్పొచ్చు. అంతలో హారతి ముక్కు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

"హారతీ," అన్నారు బుల్లెమ్మగారు. "మీ అమ్మ దగ్గర నా తాళాలున్నాయి. తీసుకురా."

మర్నాడు దొరబాబు మళ్ళీ వచ్చాడు. అన్నీ హాల్లోకి మార్చేద్దామన్నాడు. జీవరాజు గారు తన డబ్బా మారుమాటాడకుండా ఇచ్చేశారు. వీధిలో అప్పటికే ఆయన్ని చూసి గొడుగు తెరుస్తున్నారు. శ్రీదుర్గా ఇచ్చేసింది. మంచం కిందదీ బయటికొచ్చింది. వంటింటి గుమ్మం దగ్గర మాత్రం నిచ్చెన ఆగిపోయింది.

"హారతీ, ఇచ్చిన వాటా వెనక్కి తీసుకోవడం ఎవరింటి పద్ధతో అడుగు."

అంత ఖర్చు పెట్టిన సినిమా హాల్లో ఇప్పుడు వాన కురుస్తుంది, గుర్రాలు పరిగెడతాయి, మనుషులు మాత్రం ఊరికే పెదవులు కదుపుతారు. మాటలు కావాలంటే వంటింట్లోకి రావాలి. వీరవేణి గీసిన క్యాలెండరు కాగితం మాగాయ జాడీ మూత మీద కట్టేశారు. కూరలు తరిగేటప్పుడు ఆమె ఒక్కోసారి దానికేసి చూస్తుంది. ఆరు గళ్ళూ ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి.

ఆ వంటింట్లో అత్తాకోడళ్ళిద్దరూ పొద్దస్తమానం ఎదురెదురుగానే కూర్చుంటారు. మాట్లాడేది మాత్రం గూట్లో డబ్బా ఒక్కటే.